పుచ్చుకొను చేయి

కంకిపాడు దరిని బందరు కాలువ పారుదల క్రింద మూడెకరముల మాగాణి, బుద్ధి యెదుగని నలువదేండ్ల కొడుకు, ఈనుట మాని వట్టిపోయిన ముసలి ఆవు, ఈ మూడును తప్ప మా పెద్దమ్మకు ఈ లోకమున చెప్పుకొనదగిన బరువులు లేకుండెను. డెబ్బదియారవ యేట ఒక జబ్బు వచ్చి తగ్గిన పిదప వీలునామా వ్రాయింపవలెనని ఆమెకు తోచినది. సాక్షి సంతకమునకై నాకు కబురు పెట్టినది. దస్తావేజు లేఖరి అరుగుమీద చాప పరచుకొని, కాగితముల క్రింద అట్ట పెట్టుకొని, స్వస్థచిత్తముతో ఎవరి ప్రోద్బలమును లేకుండ అను వాడుక మాటలతో, ఆమె నోరు విప్పకముందే సగము పుట నింపివేసెను. భూమి సంగతియు, కొడుకు సంగతియు ముగిసిన వెనుక ఆమె కొంగు సర్దుకొని, “ఒక అర ఎకరం గౌరి పేర రాయండి బాబూ” అన్నది. గౌరి యనగా ఆవు.

లేఖరి కలమెత్తి, “ఆవు పేర రాయడం కుదరదండి అమ్మగారూ. చెల్లదు” అనెను.

“ఎందుకు చెల్లదు? గుళ్లో సామికి రెండెకరాల మాన్యం లేదూ? ఆయన రాయి. ఇది గడ్డి తింటుంది.”

లేఖరి నవ్వెను. నేనును నవ్వితిని. బెజవాడకు తిరిగి వచ్చుచు బస్సులో కూర్చున్నప్పుడు మాత్రము నాకు నవ్వు రాలేదు.

ఏలయన, ఆమె అడిగినది శాస్త్రజ్ఞులను సైతము తికమకపెట్టిన ప్రశ్న. మన న్యాయస్థానములు శిలావిగ్రహమునకు స్వామ్యమును అంగీకరించినవి. కలకత్తాలో మల్లిక్కుల యింటి కులదేవతను ఎవరి వంతున ఎవరి యింట నుంచవలెనను తగవు లండను వఱకు పోగా, 1925లో ప్రివీ కౌన్సిలువారు, విగ్రహము అన్నదమ్ములు పంచుకొనదగిన సామాను కాదనియు, దావా వేయుటకును వేయించుకొనుటకును అర్హతగల న్యాయవ్యక్తి యనియు, తానెక్కడ నుండవలెనను విషయమున దాని యిచ్ఛను సైతము మన్నింపవలయుననియు, ఆ యిచ్ఛను విన్నవించుటకు తటస్థుడైన ప్రతినిధి నొకని నియమింపవలయుననియు తీర్పు చెప్పిరి. న్యాయశాస్త్రపు కంటికి దేవుడు ఎన్నటికిని మేజరు కాని మైనరు. ధర్మకర్త ఆయన సంరక్షకుడు. ఇక 1882 నాటి ట్రస్టుల చట్టము తొమ్మిదవ సెక్షనును చూడుడు: ఆస్తిని కలిగియుండ శక్తిగల ప్రతి వ్యక్తియు లబ్ధిదారు కావచ్చునని అది చెప్పుచున్నది. ఆవునకు ఆ శక్తి లేదు, కుక్కకు లేదు, ఇరువదేండ్లు మన పేరుపెట్టి పిలిచిన చిలుకకును లేదు. రాతికి కలిగినది ప్రాణికి కలుగకపోవుట మా పెద్దమ్మకు వింతగా తోచినదన్న వింత యేమున్నది?

ఈ చిక్కు తెల్లదొరల కోర్టులలో పుట్టినది కాదు. జైమిని సూత్రములకు భాష్యము వ్రాసిన శబరస్వామి, తొమ్మిదవ అధ్యాయమున దేవతాధికరణమునందు, దీనిని నిర్మొగమాటముగా విచారించెను. దేవగ్రామము, దేవక్షేత్రము అని లోకులనుచున్నారే, అది నిజముగా దేవత సొత్తేనా? ఎవడు దేనిని తన యిచ్చవచ్చినట్లు వినియోగించుకొనగలడో అది వాని సొత్తు; గ్రామమును గాని క్షేత్రమును గాని దేవత తన యిచ్చవచ్చినట్లు వినియోగించుకొనుట లేదు; కావున ఆ మాట ఉపచారమేగాని పరమార్థము కాదని ఆయన తేల్చివేసెను. యజ్ఞమే సర్వస్వమని నమ్మిన శ్రౌతుడు దేవతకు భూస్వామ్యమును నిరాకరించుట మన తత్త్వచింతనలోని గొప్ప చమత్కారములలో నొకటి. నాస్తికుని నోట వినవలసిన మాట మీమాంసకుని నోట వినిపించినది.

ఈ త్రోవనే పోయిన ధర్మశాస్త్ర నిబంధనకారులు దానమునకును ఉత్సర్గమునకును భేదమును నిరూపించిరి. దానమునకు రెండు చేతులు కావలెను, ఇచ్చునది యొకటి, పుచ్చుకొనునది యొకటి. పుచ్చుకొనువాని స్వీకారము లేనిదే ఇచ్చినది ఇచ్చినట్లు కాదు. ఉత్సర్గమున ఇచ్చు చేయి మాత్రమే యున్నది. తటాకమును త్రవ్వించి ప్రతిష్ఠ చేసినవాడు ఆ నీటిని సర్వభూతములకును విడుచును. దప్పికగొని వచ్చిన కాకిని గాని దూడను గాని నీకిది సమ్మతమేనాయని యడుగువాడెవడును లేడు. చనిపోయినవారి పేర పదునొకండవ నాడు కోడెకు ముద్రవేసి విడిచిపెట్టు వృషోత్సర్గమును ఇట్టిదే. విడుచుటతో గృహస్థుని బాధ్యత తీరినది. ఊరివారి చేలు ఆనాటినుండి దాని మేతబీళ్లైనవి. ‘అచ్చోసిన ఆంబోతు’ అను మన తిట్టు పుట్టినది అందుండియే. అంతకంటె విషాదకరమైన కథ పందొమ్మిదవ శతాబ్ది చివర అలహాబాదు, కలకత్తా హైకోర్టులలో నడచినది. అట్లు విడువబడిన ఆంబోతు ఎవని సొత్తును కాదు గనుక, దానిని పట్టుకొనిపోయినవానిపై దొంగతనపు నేరము నిలువదని అచ్చటి న్యాయమూర్తులు చెప్పిరి. పితృదేవతల తృప్తికై స్వేచ్ఛనొందిన ప్రాణికి ఆ స్వేచ్ఛయే ఎసరు పెట్టినది. విడుచుట వేఱు, అప్పగించుట వేఱు అని తెలియుటకు ఇంతకంటె నిదర్శనము నేనెఱుగను.

అప్పగించుట యెట్లో మన పూర్వులకు తెలియకపోలేదు. కృష్ణాతీరమున ఏ పాత కోవెల స్తంభమును చదివినను అఖండదీపముల శాసనములు కనబడును. దీపమునకు రొక్కము నిచ్చినచో రొక్కము కరగిపోవును. అందుచేత దాత గొఱ్ఱెలనో ఆవులనో లెక్కపెట్టి యొక బోయ చేతికి అప్పగించును. ఆ బోయయు, వాని పిమ్మట వాని కొడుకులును మనుమలును దినమునకు మానెడు నెయ్యి ఆచంద్రార్కముగా కోవెలకు పోయవలెను. మంద పెరిగినను తరిగినను వాని పూచీయే. మానెడు నెయ్యి మాత్రము తగ్గరాదు. అరవదేశపు శాసనములలో ఇట్టి గొఱ్ఱెలకు చావని ముదియని గొఱ్ఱెలని ముద్దుపేరు. మూలధనము ఈనుచు పెరుగుచుండ, దాని ఫలము మాత్రమే ఖర్చగు ఈ ఏర్పాటును నేటి వకీలు చూచినచో, ఇది ట్రస్టు కాక మఱేమని యడుగును. దాత కలడు, ధర్మకర్త కలడు, మూలధనము కలదు. లబ్ధిదారు మాత్రము ఒక దీపపు వెలుగు! అమరావతిలో 1182 నాటి కోట కేతరాజు శాసనము అమరేశ్వరునకే గాక ధాన్యకటకపు బుద్ధునకును గ్రామములను, దీపములను ఇచ్చినట్లు తెలుపుచున్నది. తనది కాని మతపు దేవునకు నూనెయు నెయ్యియు సమకూర్చిన ఆ శైవరాజునకు, లబ్ధిదారు దావా వేయగలడా లేడా యను శంక కలిగియుండదు.

బెజవాడలో, ఇంద్రకీలాద్రి పాదమున మల్లేశ్వరాలయము చెంత నున్న యుద్ధమల్లుని పద్యశాసనము ఇంకొక పాఠము చెప్పుచున్నది. పదవ శతాబ్దమునాటి ఆ చాళుక్యుడు కుమారస్వామికి గుడియు, దానితో నొక మఠమును కట్టించి, ఆ మఠమున గొఱగలనబడు శైవభిక్షువులు దక్క అన్యులు విడియరాదని కట్టడి చేసి, అట్లు విడిసినవారినే కాక, చూచియు ఉపేక్షించినవారిని సైతము పాపమునకు గురిచేసెను. ఉపేక్షించినవారని ప్రత్యేకముగ చెప్పుటలోనే రాజు లోకజ్ఞానము తెలియుచున్నది. ధర్మమును చెఱచువాడు బయటినుండి రాడు. చూచుచు ఊరకున్న ధర్మకర్తయే దానిని చెఱచును. మన దానశాసనముల చివర తఱచుగా కనబడు శాపశ్లోకములలో, తానిచ్చినదైనను పరులిచ్చినదైనను అపహరించినవాడు అఱువదివేల యేండ్లు పురుగై పుట్టునని యుండుట పలువురకు తెలియును. వాని ప్రక్కనే ఇచ్చుటకంటె ఇచ్చినదానిని కాపాడుట శ్రేయస్సని చెప్పు శ్లోకమొకటి కలదు, అది తక్కువమందికి తెలియును. నా దృష్టిలో మన ధర్మనిధుల చరిత్రకంతకును అదియే మూలసూత్రము. పురుగగుదునను భయము పోయినది. దాని స్థానమున ఆడిటరు వచ్చెను. ఎవరు మేలో చెప్పజాలను.

ఇక వీలునామా. ఆ మాటలోనే సగము ఇంగ్లీషు, సగము పారసీకము. మన ధర్మశాస్త్రములలో దానికి పేరే లేదు. మితాక్షరను అనుసరించు మన సీమలో కొడుకు పుట్టుకతోనే తండ్రి సొత్తున పాలివాడు. ప్రాణము పోయిన క్షణమున స్వామ్యము పోవును. పోయిన పిమ్మట ఇచ్చుట యెట్లు? 1829లో మద్రాసు ప్రభుత్వము చేసిన రెగ్యులేషను, హిందువుల మరణశాసనములు వారి ధర్మశాస్త్రమునకు ఒదిగినంతవఱకే చెల్లునని స్పష్టముగా చెప్పినది. పిదప 1870 నాటి హిందూ వీలునామాల చట్టము, 1925 నాటి భారత వారసత్వ చట్టము వచ్చినవి; నేడు బుద్ధి స్థిరముగా నున్న మేజరెవడైనను ఇరువురు సాక్షుల యెదుట సంతకము చేసి తన స్వార్జితమును కోరినవారికి వ్రాయవచ్చును. రిజిస్టరీ మంచిదే గాని తప్పనిసరి కాదు. చట్టము సులభమైనది, తత్త్వము మాత్రము అట్లే యున్నది: మరణశాసనము ఇచ్చువాడు లేని దానము. అమరావతి ప్రభువు వాసిరెడ్డి వేంకటాద్రినాయనివారు, తులాభారములు తూగిన చేతితోనే, కన్నకొడుకులు లేక ఇరువురను దత్తత చేసికొని సంస్థానము వారికి చెందవలెనని తలచిరి. 1816లో ఆయన పోయిన పిదప ఆ వ్యాజ్యము ప్రివీ కౌన్సిలు దాక పోయి, 1840ల దశకమున, మొదటి దత్తుడుండగా రెండవ దత్తత చెల్లదని తేలినది. అంతటి ప్రభువు మాటయు ఆయన నోటితోనే పోయినది.

ఇప్పుడు మా పెద్దమ్మ కోరికను చూడుడు. మరణశాసనమగుటచే ఇచ్చు చేయి ఉండదు. ఆవునకగుటచే పుచ్చుకొను చేయి లేదు. రెండు కొసలును లేని ఈ దానము నడుమనున్నవాని మీదనే నిలువవలెను.

భాగవత పంచమస్కంధమున భరతుని కథ కలదు. తెనుగున దానిని చేసినవాడు పోతన కాదు, గంగన. తాతతండ్రులనాటి సొత్తును కుమారులకు యథాభాగముగా పంచి గండకీతీరమునకు తపస్సునకై పోయిన ఆ రాజర్షి, సింహగర్జనకు బెదరి ఏటికి దుమికిన లేడి కడుపునుండి జాఱిన పిల్లను ఎత్తుకొని పెంచి, ప్రాణము పోవువేళ దానినే తలపోయుచు మరణించి, మఱుజన్మమున లేడియై పుట్టెను. పౌరాణికులు ఈ కథను మమకారమునకు హెచ్చరికగా చెప్పుదురు. నేను వారితో పూర్తిగా ఏకీభవింపజాలను. ఏటిలో కొట్టుకొనిపోవు పిల్లను చూచుచు జపము చేసికొనుట వైరాగ్యమైనచో ఆ వైరాగ్యము మనకు వలదు. భరతుడు రాజ్యమునకు పాళ్లు పంచెను గాని లేడిపిల్లకు ఏర్పాటు చేయలేదు. తాను తప్ప దానికి వేఱు దిక్కు లేదనుకొనెను. ఆ ‘తాను తప్ప’ అనునదియే అహంకారము. పొరుగు ఆశ్రమమున నొక మునిబాలకుని పిలిచి, నాయనా, నా తరువాత దీనిని చూడుమని చెప్పియున్నచో, ఆయనకొక జన్మము తగ్గియుండునని నా ఊహ.

ఆ పని కణ్వుని కూతురు చేసినది. అత్తవారింటికి కదలుచు శకుంతల తన వనజ్యోత్స్న యను మల్లెతీగను చెలికత్తెలిద్దరి చేతిలో నిక్షేపముగా ఉంచును. నిక్షేపమనునది కాళిదాసు అలంకారము కాదు. మనువు చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో రెండవది, కోర్టుకెక్కు మాట. తల్లిలేని లేడిపిల్ల కొంగు పట్టి లాగగా, ఇకమీద తండ్రి నిన్ను చూచుకొనునని దానికి చెప్పును. చూలుతో నున్న లేడి సుఖముగా ఈనినచో కబురు పంపుమని తండ్రిని వేడుకొనును. తీగకు ఇద్దరు ధర్మకర్తలు, లేడిపిల్లకొకడు, చూలింతకు వార్త పంపు షరతు. తీగను అప్పగించుట చూచిన చెలికత్తెలు, మమ్మెవరి చేతిలో పెట్టితివని కంటనీరు పెట్టుకొందురు. ఏ దస్తావేజునందును ఇమడనిది అదియే.

పరలోకము లేదన్నవారి మాట యేమిటని యెవరైన నడుగవచ్చును. మన బెజవాడ పటమటలోనే 1947నుండి గోరాగారు నెలకొల్పిన నాస్తిక కేంద్రమున్నది. పోయినవాడు ఎక్కడికిని పోడని నమ్మువానికి పిండము వలదు, వృషోత్సర్గము వలదు. మిగిలినవారి ఆకలి మాత్రము వానికిని నిజమే. ఈ విషయమున ఆస్తికుడును నాస్తికుడును ఒకే అరుగుమీద కూర్చుండవలసినవారు.

మనుష్యులైన ఆశ్రితులకు చట్టము కొంత నయము. నెల్లూరు మునసబు కోర్టులో 1944లో మనోవర్తికై దావా వేసిన వడ్డెబోయిన తులసమ్మ పోరాటము 1977లో సుప్రీం కోర్టున గెలిచి, మనోవర్తికి బదులుగా ఇచ్చిన భూమిపై విధవకు సంపూర్ణహక్కు కలుగునని దేశమంతటికి సూత్రమైనది. ముప్పదిమూడేండ్లు పట్టినది, నిజమే, ఆమెకు నోరున్నది. బుద్ధి యెదుగని బిడ్డకు నోరు కొంతయే యున్నది. పదునెనిమిదేండ్లు నిండినతోడనే తల్లిదండ్రుల సంరక్షకత్వము చట్టదృష్టిలో ముగియునని పెక్కుమంది తల్లులకు తెలియదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము క్రింద, కలెక్టరు కూర్చుండు స్థానిక సంఘమునకు అర్జీ పెట్టి సంరక్షకుని నియమింపించుకొనవలెను. మా పెద్దమ్మకు ఆ సంగతి ఎవరును చెప్పలేదు. మూగప్రాణికి నోరే లేదు. ఇంగ్లండులో ఒకడు తన గుఱ్ఱములకును వేటకుక్కలకును ఏడాదికి 750 పౌండ్లు, అవి బ్రతికియున్నంతకాలము, యాబదేండ్లకు మించకుండ వ్రాసిపోగా, 1889లో కోర్టు దానిని చెల్లుబాటు చేసినది గాని, ధర్మకర్త ఎగవేసినచో ఆ జంతువుల తరఫున అడుగువాడు లేడని తెలిసియే చేసినది. అది కోర్టును గాక అంతరాత్మను పట్టియుండు ట్రస్టు. న్యూయార్కున ఒక ధనికురాలు కుక్కకు కోటి ఇరువది లక్షల డాలర్లు వ్రాయగా కోర్టు ఇరువది లక్షలకు తగ్గించినది. ఆమె కుక్కను ప్రేమించినదో, చుట్టములను ద్వేషించినదో నాకు తేలలేదు. 2024లో పోయిన రతన్ టాటా తన పెంపుడు కుక్క టిటో పోషణకు వీలునామాలో ఏర్పాటు చేసినట్లు పత్రికలలో చదివితిమి. అందు నాకు నచ్చినది సొమ్ము కాదు, దానిని ఎఱిగిన మనిషి చేతిలో పెట్టుట. గోశాలకు చందా పంపి నిశ్చింతగా నుందమందురా? విజయవాడ చెంత కొత్తూరు తాడేపల్లిలో 2019 ఆగస్టున ఒక గోశాలయందు ఒక్క రాత్రిలో దాదాపు నూరు ఆవులు చనిపోయినవి. వానికి దాతలు లేకపోలేదు.

వారము దినములకు మరల లేఖరి వచ్చెను. ఈ పర్యాయము కాగితము వేఱుగా నడచినది. భూమి మూడెకరములును కొడుకు పోషణకై మేనల్లుని చేతిలో ట్రస్టుగా ఉండవలెను. ఆవు బ్రతికియున్నంతకాలము దానిని అమ్మక, తోలివేయక, మేపుట అందొక షరతు. పైకము వాని చేతిలో నున్నను లెక్క మాత్రము సంక్రాంతికి సంక్రాంతికి పొరుగింటి రైతునకు చూపవలెను. అతడు కాదన్నచో మేనల్లుని మార్చు అధికారము అతనికి గలదు. మేపువాడొకడు, అడుగువాడొకడు. యుద్ధమల్లుని తెలివి ఈమెకు ఎట్లు వచ్చినదో!

సంతకమునకు ముందు ఆమె మేనల్లుని పిలిచినది. “ఒప్పుకుంటావంట్రా?”

“నువ్వు చెప్పాక కాదంటానా అత్తా?”

“నేను చెప్పానని కాదు. నీకు ఇష్టమా, లేదా? లేదంటే ఇప్పుడే చెప్పు. ఏమీ అనుకోను.”

ట్రస్టుల చట్టము పదవ సెక్షను, ఎవనినిగాని బలవంతముగ ధర్మకర్తను చేయరాదని చెప్పుచున్నది. ఆమె దానిని చదువలేదు. మేనల్లుడు వెంటనే మాటలాడలేదు. పెండ్లి కావలసిన కూతురు, రొయ్యల చెరువు అప్పు, అన్నియు వాని మొగమున కనబడినవి. కొంతసేపటికి, “ఇష్టమే అత్తా” అనెను. ఆమె లేచి వానిని పశువుల పాకలోనికి తీసికొనిపోయి, వాని కుడిచేతిని పట్టి గౌరి వీపుమీద ఉంచినది. ఆవు చర్మమును ఒకసారి వణికించి, మరల నెమరువేయసాగెను. నీళ్లు ధారపోయుట మాత్రమే తక్కువ.

పెద్దమ్మ మఱుసటి యేడు పోయినది. గౌరి ఆ తరువాత నాలుగేండ్లు బ్రతికినది. మొన్న ఆ యింటికి పోయినప్పుడు మేనల్లుడు లెక్కల పుస్తకము చూపెను. చిట్టు, తవుడు, తెలగపిండి, వరిగడ్డి మోపులు, ఒకసారి పశువుల డాక్టరు; ప్రతి సంక్రాంతి పుటక్రింద పొరుగింటివాని వేలిముద్ర. ఆవు లెక్కలో చివరి పద్దు, గట్టున గుంట తీసిన కూలి, ఆరువందల రూపాయలు. దాని క్రింద మిగులు పైకము కొడుకు ఖాతాకు మార్చినట్లు వ్రాసి యున్నది.